ముందుగది ఎవరికొరకు?

ధ్యానమునకు వాక్యభాగములు: 1 కొరింథీయులకు 11:17–34, యాకోబు 2:1–9, లూకా 14:12–14, 28–30



పొలముపనులు తగ్గిన వేసవి దినములలో మన గ్రామములందు ఇండ్లు కట్టుట విరివిగా జరుగును. పాత మిద్దె పడగొట్టి స్లాబు వేయువారు కొందరు. ప్రభుత్వము ఇచ్చిన స్థలములో క్రొత్తగా పునాది తీయువారు కొందరు. ముగ్గు పోయుటకు ముందు ఇంటింట ఒక తర్కము పుట్టుచున్నది. వచ్చినవారిని కూర్చుండబెట్టుటకు ప్రత్యేకముగా ఒక ముందుగది ఉండవలెనా? భోజనమునకు బల్లయు కుర్చీలును వేసి వేరుగా ఒక గది ఉండవలెనా? లేక ఉన్న కొద్ది చోటును వంటకును, పండుకొనుటకును, పిల్లల చదువునకును విడువవలెనా? ఇంటి యజమానుడు ఒకటి తలంచును, ఇల్లాలు మరియొకటి తలంచును, పట్టణములో పనిచేయు కుమారుడు ఫోనులో ఇంకొకటి చెప్పును.

ఇది ఇటుకలకును సిమెంటుకును చేరిన సంగతి గాని ఆత్మకు చేరినది కాదని కొందరు అనవచ్చును. అయితే సువార్తలను తెరచి చూడుడి. మన ప్రభువు లేవి యింట భోజనపంక్తిని కూర్చుండెను. పరిసయ్యుడైన సీమోను ఇంటికి పోయెను. బేతనియలో మార్త మరియల ఇంట దిగెను. జక్కయ్యను చెట్టుమీదనుండి దింపి అతని యింటనే బస చేసెను. ఎమ్మాయు త్రోవలో ఆయనను గుర్తుపట్టలేని శిష్యులు ఇంటిలో రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టిరి. ఎవరు ఎక్కడ కూర్చుండిరి, ఎవరు బయట నిలిచిరి అనునది ఆయన కన్ను తప్పిపోలేదు. కావున మన ఇంటి గదులను గూర్చియు ఆయన సన్నిధిని ఆలోచించుట మనకు తగును.

మన పాత ఇండ్లు

అనంతపురము సీమలోని పాత మిద్దెలను పెద్దలు ఎరుగుదురు. రాతిగోడలు, కొయ్యదూలములు, వాటిమీద చౌడుమన్ను వేసి త్రొక్కిన కప్పు, వెలుతురునకు కప్పులో ఒక గవాక్షి, వీధివైపు అరుగు. లోపల ఒక పడసాల. ఆ పడసాలలోనే పగలు మనుష్యులు కూర్చుండిరి. అక్కడనే భోజనము చేసిరి, వేరుసెనగ కాయలు ఒలిచిరి, రాత్రి చాపలు పరచి పండుకొనిరి. పేదవాని కొట్టములో అదియును లేదు. ఒకటే గది, దాని మూలను పొయ్యి.

అయినను ఆ ఇండ్లకు అతిథి రాకపోలేదు. వచ్చినవానికి కాళ్లకు నీళ్లిచ్చిరి, చాప పరచిరి, ఉన్న సంగటిముద్దను రెండు చేసి పెట్టిరి. అబ్రాహామునకును ముందుగది లేదు. అతనికి ఉన్నది గుడారము. ఎండవేళ ముగ్గురు మనుష్యులు వచ్చినప్పుడు అతడు వారిని చెట్టునీడను కూర్చుండబెట్టి, తానే పరుగెత్తి సిద్ధపరచి, వారు తినుచుండగా వారియొద్ద నిలిచియుండెను (ఆదికాండము 18). ఆతిథ్యము గదితో పుట్టలేదు, గది లేకపోయినను చావలేదు. ఈ సంగతిని మొదట మనస్సున నుంచుకొందము.

ఖర్చు లెక్క

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి, ముగించుటకు తనయొద్ద ఉన్నదా లేదా అని లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. మనమును కొంచెము లెక్క చూచుకొందము.

2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో ఇంటికి నిర్ణయించిన కనీసపు వైశాల్యము 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 270 చదరపు అడుగులు. వంటచోటు అందులోనే చేరియున్నది. 2020 డిసెంబరులో మన రాష్ట్రప్రభుత్వము ఆరంభించిన ఇండ్ల పథకమునందు గ్రామములలో సెంటున్నర స్థలమును, 340 చదరపు అడుగుల ఇంటి నమూనాయు ఇచ్చిరి. ఇప్పుడు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల ముందుగది ఒకటి కట్టి, సోఫా వేసి, అతిథులకని అట్టిపెట్టితిమనుకొనుడి. అది 120 చదరపు అడుగులు. 340లో మూడవవంతుకంటె ఎక్కువ. మిగిలిన చోటులో అయిదుగురు పండుకొనవలెను, వంట చేయవలెను, ధాన్యపు సంచులు పెట్టవలెను, బిడ్డ పరీక్షకు చదువవలెను, ముసలితల్లి మంచము వేయవలెను. సంవత్సరమునకు పదిసార్లు వచ్చువారికి మూడవవంతు ఇల్లు. మూడువందల అరువది అయిదు దినములు ఉండువారికి మిగిలినది. ఈ పంపకము న్యాయమా?

చోటు చాలదని ఇంటిని పెంచువారు అప్పు చేయుదురు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చినయెడల యేడాదికి వడ్డీయే 24,000 రూపాయలు. అసలు అట్లే యుండును. మన సీమ ఎట్టిదో మనకు తెలియును. యేడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున వాన పడు నేల ఇది. దేశములో మిక్కిలి తక్కువ వాన పడు జిల్లాలలో ఒకటిగా చెప్పబడుచున్నది. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి అని రెండుగా విభజింపబడినది గాని మేఘము ఆ గీతను చూచి కురియదు. విత్తిన వేరుసెనగ ఊడలు దిగువేళకు వాన ముఖము చాటుచేసిన సంవత్సరములు ఎన్ని! అట్టి సంవత్సరమున వడ్డీ కట్టుటకు కుటుంబము మూటముల్లె కట్టుకొని బెంగుళూరు కూలికి పోవును. ఊరిలో సోఫా వేసిన గదికి తాళము. దానిని కట్టినవారు అక్కడ రేకుల షెడ్డులో నేలమీద పండుకొందురు. ప్రియులారా, ఇట్టి తాళములు మన గ్రామములలో లేవని చెప్పగలమా?

మరియొక లెక్కయు కలదు. యిర్మీయా ప్రవక్త యెహోయాకీము రాజును గూర్చి పలికిన మాటలను 22వ అధ్యాయములో చదువుడి. ఆ రాజు విశాలమైన మేడగదులు కట్టించి, కిటికీలు తీయించి, దేవదారు పలకలు వేయించి, ఎఱ్ఱరంగు పూయించెను. దేవుడు తప్పు పట్టినది రంగునుగూర్చి కాదు. పనిచేసినవారికి కూలి ఇయ్యకుండ కట్టించెను గనుక ఆ ఇంటిమీద శ్రమ పలుకబడెను. అతని తండ్రి యోషీయా అన్నపానములు చేయుచునే న్యాయము జరిగించెనని అక్కడనే వ్రాయబడియున్నది. టీవీకి అద్దాల అలమరా కొని, బేల్దారి కూలిని మాత్రము వచ్చే పంటకని వాయిదా వేయు క్రైస్తవుడు ఈ అధ్యాయమును రెండుసార్లు చదువవలెను.

కొరింథులో జరిగినది

భోజనపుగది ఒక సంఘమునే రెండుగా చీల్చిన సంగతి క్రొత్త నిబంధనలో కలదు. క్రీస్తుశకము 55 ప్రాంతమున పౌలు కొరింథు సంఘమునకు మొదటి పత్రిక వ్రాసెను. ఆ కాలమున గుడికట్టడములు లేవు. కలిగిన సహోదరుని ఇంటిలోనే సంఘము కూడుచుండెను. గాయియు అనువాడు సంఘమంతటికి ఆతిథ్యమిచ్చెనని రోమా పత్రిక చివరను చదువుచున్నాము.

ఆనాటి రోమా పద్ధతి ప్రకారము ధనవంతుల ఇండ్లలో భోజనమునకు ప్రత్యేకమైన గది యుండెడిది. దానికి ట్రిక్లీనియము అని పేరు. మూడు ప్రక్కల మూడు పరుపుబల్లలు, ఒక్కొక్కదానిమీద ముగ్గురు చొప్పున తొమ్మండుగురు ఆనుకొని భుజించుటకు అది ఏర్పాటు. తొమ్మండుగురికంటె ఎక్కువమంది వచ్చినయెడల? తక్కినవారు బయట నడిమి ముంగిట కూర్చుండవలసినదే. ఇంటివాని సమానులు ముందుగా వచ్చి గదిలో మంచి భోజనము చేయగా, ప్రొద్దుగ్రుంకువరకు పనిచేసి వచ్చిన దాసులును కూలివారును ముంగిట మిగిలినదానితో సరిపెట్టుకొనిరని కొందరు పండితులు తలంచుచున్నారు. ఏర్పాటు ఎట్లున్నను ఫలితము పౌలు స్పష్టముగా వ్రాసెను: ఒకడు ఆకలితో నుండెను, మరియొకడు మత్తుడై యుండెను. ఇది ప్రభువు రాత్రి భోజనము కానే కాదని ఆయన గద్దించెను. లేనివారిని సిగ్గుపరచుట దేవుని సంఘమును తిరస్కరించుటయే అని ఆయన తీర్పు.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆ గదిని పడగొట్టుమని పౌలు చెప్పలేదు. పరుపుబల్లలు అమ్మివేయుమనియు చెప్పలేదు. భోజనమునకు కూడివచ్చునప్పుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనియుండుడని చెప్పెను. రాని కూలివానికొరకు వచ్చిన ధనవంతుడు కాచుకొనవలెను. అట్లు కాచుకొనినయెడల చిన్న గదియు చాలును. కాచుకొననియెడల పెద్ద గదియు పాపమునకు తావగును.

మన గడప జ్ఞాపకము

ఇప్పుడు మన విషయము. మన తాతలలో అనేకులు ఊరిపెద్దల అరుగు ఎక్కియెరుగరు. ముంగిట నిలిచి మాటాడిరి. నీళ్లు దోసిట పోయించుకొని త్రాగిరి. 1876–78లో ధాత కరవు ఈ సీమను తినివేసిన కాలమునను, దాని తరువాతను, సువార్త విని సంఘములో చేరినవారిలో అట్టివారు అనేకులు. సంఘము వారికి మొదటిసారి ఇచ్చినది ఏమి? ఒకే చాపమీద కూర్చుండు చోటు, ఒకే రొట్టె, ఒకే పాత్ర. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమునందు అంటరానితనమును రద్దు చేసెను. 1955లో దానిని శిక్షించు చట్టము వచ్చెను. అటుతరువాతను టీ అంగళ్లలో రెండు విధముల గ్లాసులు ఎన్ని యేండ్లు నిలిచెనో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

కావున మన బిడ్డ ఒకడు చదువుకొని, ఉద్యోగము చేసి, తన ఇంట ముందుగది కట్టి, నాలుగు కుర్చీలు వేసి, తండ్రిని వాటిలో కూర్చుండబెట్టినయెడల అది గర్వమని నేను అనను. తాత నిలుచున్న చోట మనుమడు కూర్చుండుట దేవుని దయ. ఊరిపెద్ద మన గడపకు వచ్చినప్పుడు సమానముగా కుర్చీ చూపగలుగుట మంచిదే. దీనిని ఆక్షేపించువారు ముందుగా ఆ అరుగు చరిత్రను తలంచుకొనవలెను.

అయితే భయపడవలసినది ఒకటి కలదు. మంచి వస్త్రములు ధరించినవానికి మంచి చోటు చూపి, మురికిబట్టల పేదవానిని నిలువుమనియో పాదపీఠమునొద్ద కూర్చుండుమనియో చెప్పువారిని యాకోబు గద్దించుచున్నాడు. అది సంఘకూటమునకు చెప్పిన మాటయే అయినను ఇంటి ముందుగదికి అక్షరాల తగును. మన సోఫామీద ఎవరు కూర్చుండుచున్నారు? పట్టణపు బంధువు, అధికారి, సంబంధము చూడవచ్చినవారు, పాస్టరుగారు. గడపయొద్ద నిలిచియున్నది ఎవరు? మన చేలో కలుపు తీసిన కూలి స్త్రీ, మేకలు కాయు పిల్లవాడు, అప్పు అడుగవచ్చిన పేద బంధువు. మాలలని మాదిగలని మనలో మనమే చేసికొను భేదము కూడ ఆ గడపయొద్దనే బయటపడును. ఒకే బల్లయొద్ద ప్రభువు శరీరములో పాలుపొంది, ఇంటికి వచ్చి ఒకరి ఇంట ఒకరు నీళ్లు ముట్టనియెడల మనము ఎవరిని మోసపుచ్చుచున్నాము? అరుగుక్రింద నిలువబెట్టబడినవారి సంతతి, తనకు అరుగు దొరకగానే మరియొకని క్రింద నిలువబెట్టినయెడల, ప్రభువు మనకు ఇచ్చిన చాపను మనమే చుట్టివేసినట్లు కాదా?

ఇంటిలోపలను చూడుడి. ముందుగదిలో బల్లవేసి పురుషులకు వడ్డించి, ఇల్లాలు పొగలో కూర్చుండి గిన్నె అడుగున మిగిలినది తినునట్లయితే మనకు భోజనపుగది యున్నది గాని కుటుంబ భోజనము లేదు. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురము వచ్చి స్థాపించిన ఆర్.డి.టి. సంస్థ పేదలకు కట్టించిన ఇండ్లను స్త్రీల పేరిట వ్రాయించుచు వచ్చెను. కాగితముమీద ఆమె పేరుండుట మంచిది. ఏ గది ఎక్కడ ఉండవలెనని ఆమెను అడుగుట ఇంకను మంచిది. మొదట పొగపోవు వంటయిల్లు కావలెననియో, మరుగుదొడ్డి కావలెననియో ఆమె చెప్పినయెడల, సోఫాగదికంటె అది ముందు.

దేవుడు వాడుకొనిన గదులు

గదులు చెడ్డవని మనము చెప్పుటలేదు. పరిశుద్ధ గ్రంథములో దేవుడు వాడుకొనిన గదులు అనేకములు. షూనేములోని ఘనురాలు తన భర్తతో మాటాడి, ఎలీషాకొరకు గోడమీద చిన్నగది కట్టించి, అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచెను (2 రాజులు 4). అన్నియు పనికివచ్చునవే; చూపునకు మాత్రము పెట్టినది ఒకటియు లేదు. యెరూషలేములో పేరు తెలియని ఒక ఇంటి యజమానుడు సామగ్రితో సిద్ధపరచిన గొప్ప మేడగదిని ప్రభువు చివరి భోజనమునకు ఇచ్చెను. ఆ గదిలోనే ఆయన శిష్యుల పాదములు కడిగెను. ఇంటిలో అతి శ్రేష్ఠమైన గదిలో అతి తక్కువైన పని చేయబడెను.

కరవు నేలవారమైన మనము సారెపతు విధవరాలిని మరువరాదు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. అదియే ఆమె కలిమి. అయినను వాన లేని ఆ దినములలో ఏలీయాకు రొట్టె చేసి పెట్టెను. ఆమె ఇంట పైన ఒక గది యుండెననియు, ప్రవక్త అందులో బస చేసెననియు 1 రాజులు 17:19లో చదువుచున్నాము. ఆ గది ఊరిలో పేరుపొందుటకు ఉంచబడలేదు. ఆమె కుమారుడు మృతిపొందినప్పుడు ప్రవక్త బిడ్డను ఎత్తుకొని ప్రార్థించుటకు పోయినది ఆ గదికే. బిడ్డ ప్రాణముతో దిగివచ్చినది అక్కడనుండియే. పరదేశికి ఇచ్చిన గది ఇంటివారికే ఆశీర్వాదమాయెను.

బైబిలు కాలము తరువాతి సాక్ష్యము ఒకటి వినుడి. సిరియా దేశములో యూఫ్రటీసు నది యొడ్డున దూరా యూరోపోసు అను ప్రాచీన పట్టణపు శిథిలములను త్రవ్వుచుండగా, 1931–32లో క్రైస్తవులు కూడుకొనిన ఇల్లు ఒకటి బయటపడెను. అది మూడవ శతాబ్దపు ఇల్లు. క్రీస్తుశకము 256 ప్రాంతమున ఆ పట్టణము పాడైపోయెను. చుట్టుప్రక్కల ఇండ్లవంటి సాధారణమైన ఇల్లే అది. అయితే సంఘము కూడుకొనుటకై రెండు గదుల నడిమి గోడను తీసివేసి ఒకే పెద్ద గదిగా చేసిరి. మరియొక చిన్నగదిని బాప్తిస్మమునకు ఏర్పరచిరి. గదిని సొంత గొప్పకు విభజించుకొనుటకు బదులు, సహోదరులకు చోటు కలుగుటకు గోడ తీసిన ఆ పేరులేని క్రైస్తవులను తలంచుకొనుడి.

ముగ్గు పోయుటకు ముందు

కాబట్టి ఇల్లు కట్టబోవు కుటుంబము ఒక సాయంకాలము కలిసి కూర్చుండి, ప్రార్థన చేసి, ఈ ప్రశ్నలను తమకు తామే వేసికొనవలెనని కోరుచున్నాను.

ఒకటి: ప్రతిదినము ఈ ఇంటిలో ఉండువారికి చోటు అయినదా? ముసలివారి మంచమునకు గాలి తగులునా? చదువు బిడ్డకు దీపమును మూలయు కలవా? ఇవి తీరకముందు అతిథుల గదికి పునాది తీయవద్దు.

రెండు: అప్పు లేకుండ కట్టగలమా? ఒక సంవత్సరము పంట పోయినను తీర్చగలమా? తీర్చలేనియెడల ఇప్పుడు ఒక గది కట్టుకొని, పునాదిని పెరుగుటకు అనువుగా విడువుడి. తాడిపత్రి బండలు వచ్చే యేడాదియు దొరకును. అమ్ముకొనిన అరయెకరము మరల దొరకదు.

మూడు: ముందుగది కట్టగలవారు కట్టుదురుగాక. అయితే దానికి తాళము వేయకుడి. పగలు పిల్లలు అందులో చదువుదురుగాక. రాత్రి ఇంటివారు పండుకొందురుగాక. వారమునకు ఒకసారి గృహప్రార్థన కూటము అక్కడ జరుగునుగాక. గడపయొద్ద నిలిచినవారు ఎవరైనను లోపలికి పిలువబడి, అందరు కూర్చుండుచోటనే కూర్చుందురుగాక.

నాలుగు: బల్లయున్నను లేకున్నను, దినమునకు ఒక పూటయైనను కుటుంబమంతయు ఒక్క పంక్తిని కూర్చుండి, వందనము చెప్పి, కలిసి భుజించుచున్నదా? వడ్డించు తల్లియు ఆ పంక్తిలో కూర్చుండుచున్నదా? టీవీ ఆపివేయబడుచున్నదా? ఇది యున్నయెడల చాపయే భోజనపుగది. ఇది లేనియెడల టేకుబల్లయు వట్టి కొయ్యయే.

మా అమ్మాయికి సంబంధము చూడవచ్చువారు ముందుగది లేదని వెళ్లిపోరా అని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. ఈ భయము నిజమైనది, దానిని తేలికగా త్రోసివేయలేము. అయితే గదిని చూచి వచ్చినవారు రేపు మరియొక దానిని చూచి అడుగుదురు. కట్నమునకు హద్దు ఏదో వారే చెప్పలేరు. మీరు శుభ్రమైన చాప పరచి, నిజము పలికి, ఉన్నదానిని ప్రేమతో వడ్డింపుడి. దానిని చూచి కూర్చుండువారు మీ బిడ్డను కూర్చుండనిత్తురు. సంఘములోని పెద్దలును ఇట్టి సమయమున ఆ తల్లిదండ్రుల ప్రక్కన కూర్చుండి వారికి బలము కావలెను. ఒక కుటుంబము ఒంటరిగా ఈ ధైర్యము తెచ్చుకొనుట కష్టము. సంఘమంతయు తెచ్చుకొనినయెడల సులభము.

విందు చేయునప్పుడు తిరిగి పిలువగలవారిని కాక బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుమని ప్రభువు చెప్పెను. వారు మరల మనలను పిలువలేరు గనుకనే మనము ధన్యులమని ఆయన సెలవిచ్చెను. రాబోవు కోతపండుగ దినమున మన సంఘములోని ప్రతి ఇల్లు, తనను తిరిగి పిలువలేని ఒకనిని పిలిచి, ఇంటిలో అందరికంటె మంచి చోట కూర్చుండబెట్టునుగాక. ఆ దినమున మన ముందుగది ఎవరిదో మనకే తెలియును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, తల వాల్చుకొనుటకు స్థలము లేనివాడై మా మధ్య నడచిన నీ కుమారునినిబట్టి నీకు స్తోత్రము. మా ఇండ్లను అప్పునుండియు, ఆడంబరమునుండియు, అన్యాయపు కూలినుండియు కాపాడుము. మేము ఒకప్పుడు గడప బయట నిలిచినవారమని మరువనియ్యకుము. మా చాపయైనను మా కుర్చీయైనను నీదిగా నుండనిమ్ము. ఎండిన ఈ నేలమీద నీ వానను, మా బల్లలయొద్ద నీ సన్నిధిని దయచేయుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.